రెండు ముళ్ళ సంచి

భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరిచి తినడం ఆ ఇంట్లో అలవాటు. తినడం అయ్యాక ఇంటాయన, పుస్తకాల బైండరు, ఆ కాగితాన్ని నాలుగు మూలలా పట్టి పైకెత్తుతాడు. మెతుకులు, తొక్కలు, చేతులు తుడుచుకున్న కాగితాలు, బల్ల మీద ఏం మిగిలితే అదంతా ఒకే మూటలోకి జారుతుంది. ఆ మూట నల్లసంచిలోకి పోతుంది. ముందుగదిలో పుస్తకాల అంచులు కోసిన తెల్ల పీలికలు, ఎండిన జిగురు, విరిగిన బ్లేడు ముక్కలు కూడా ఆ సంచిలోకే. చివరికి పుస్తకాలు కుట్టే మైనపు దారంతో సంచి మూతికి ఒక ముడి, దాని మీద అడ్డంగా మరో ముడి. ఆ రెండో ముడిని వేళ్ళతో విప్పడం ఎవరి తరమూ కాదు.

ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. శుభ్రమైన ఇల్లు, పనిమంతుడైన మనిషి. నిజమే. మనలో చాలామంది ఇళ్ళు శుభ్రంగా ఉండేది ఇలాగే. అందుకే ఈ ఇంటి సంగతి చెప్పవలసి వస్తోంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర నలుగురున్నారు. బైండరు, అచ్చయిన ఫారాలు మడిచి అతనికి అందించే భార్య, ఐదేళ్ళ కూతురు గువ్వ, సెలవు మీద వచ్చిన భార్య అన్న. ఆ అన్న ఇరవై ఏళ్ళుగా సరుకుల ఓడల్లో వంట చేస్తున్నాడు. ఇంట్లో అందరికీ అతను ఓడ బావే. చెల్లెలు కూడా అప్పుడప్పుడు నోరు జారి అన్నను అలాగే పిలుస్తుంది.

“ఏంటి బావా, నిన్న రాత్రి ఆ సంచికి వేసిన ముడి? ఓడని రేవులో కట్టేటప్పుడు కూడా ఇంత ముడి వెయ్యరు. లోపల దొంగనేమైనా కట్టేశావా?” అన్నాడు ఓడ బావ.

“వాసన బయటికి రాకూడదని.”

“వాసనా? ఊసా?”

“అన్నయ్యా, ఆ సంచి జోలికి వెళ్ళకు” అంది చెల్లెలు. “పెళ్ళయి తొమ్మిదేళ్ళు. చెత్త పారేసే భాగ్యం ఇంతవరకు నాకు దక్కలేదు. పొద్దున్నే ఆయనే తీసుకెళ్ళాలి, ఆయనే వెయ్యాలి.”

ఓడ బావ నవ్వి కుర్చీ వెనక్కి వాల్చాడు. కథలు మొదలయ్యే సూచన అది.

“నేను దిగిన ఒక రేవులో చెత్త లారీ పాట పాడుకుంటూ వస్తుందే! ఐస్‌క్రీము బండి అనుకుని నేను డబ్బులు తీసి నిలబడ్డాను కూడా. చూద్దును కదా, మేడల మీంచి ముసలీ ముతకా అందరూ సంచులతో దిగుతున్నారు. నేల మీద పెట్టకూడదు. ఎవరి సంచి వాళ్ళు స్వయంగా లారీలో వెయ్యాలి. అక్కడే కబుర్లు, అక్కడే తగువులు. ఇంకో ఊళ్ళో కొట్టు గోడకి ఒక నోరుంటుంది. ఖాళీ సీసా దాని నోట్లో పెడితే మింగి నీకు చీటీ ఇస్తుంది. మరో మహానగరంలో ఒక పేటకి పేటే ఊరి చెత్తంతా ఇళ్ళకి మోసుకుపోయి ఏరుకుని బతుకుతుంది. వాళ్ళు ఏరినంత నిక్కచ్చిగా ఏ మిషనూ ఏరలేదంటారు. అన్నిట్లోకీ విడ్డూరం ఇంకోటి ఉంది, విను బావా. ఒక ద్వీపంలో చెత్త సంచి అద్దంలా ఉండాలి. లోపలున్నది కనబడాలి. పైన ఇంటి నంబరు రాయాలి. తేడా వస్తే సంచి చీటీతో సహా తిరిగి నీ గుమ్మం ముందుకే వస్తుంది.”

బైండరు చెయ్యి తెలియకుండానే నల్లసంచి మూతి మీదికి వెళ్ళింది.

“అద్దంలానా? వీధంతా చూడదూ?”

“చూస్తే ఏం? రాజు ఇంట్లోనైనా అరటితొక్క అరటితొక్కే!”

భార్య పకపకా నవ్వింది. గువ్వ కూడా నవ్వింది. ఆ పిల్ల కుడిచెవికి ఏ మిషనూ పనిచేయదు. ఎడమ చెవి వెనక పెట్టుకునే గింజంత వినికిడి యంత్రమే ఆమెకు లోకంతో ఉన్న దారి. రెండేళ్ళ కిందట ‘అమ్మ’ కూడా అనలేని పిల్ల ఇప్పుడు వాక్యాలు మాట్లాడుతోంది. నవ్వి నవ్వి చెవి చెమర్చిందేమో, యంత్రాన్ని తీసి, చేతులు తుడుచుకునే కాగితంలో పొందిగ్గా చుట్టి, పళ్ళెం పక్కన పెట్టింది. ఎవరూ చూడలేదు.

బైండరు కాగితాన్ని నాలుగు మూలలా పట్టి పైకెత్తాడు. మూట సంచిలో పడింది, మూతికి రెండు ముళ్ళూ పడ్డాయి.

అతని ముడి వెనక ఒక ఉదయం ఉంది. అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. వీధికుక్కలు వాళ్ళ ఇంటి చెత్త మూటను చింపి రోడ్డంతా పరిచాయి. తండ్రి తాగిన సీసాలు దొర్లాయి. తల్లి తన తమ్ముడికి రాసి, పంపలేక చింపేసిన ఉత్తరం ముక్కలు ఎగిరాయి. ఎదురింటావిడ వాటిని ఏరి, అతుకు పెట్టి, ‘నన్ను వచ్చి తీసుకుపోరా’ అన్న వాక్యాన్ని గుమ్మంలో నిలబడి పైకి చదివింది. వీధి నవ్వింది. తల్లి నెల రోజులు తలుపు దాటలేదు. చెత్తకు నోరుంటుందని, ఆ నోరు కట్టేయాలని పిల్లవాడు ఆనాడే నిశ్చయించుకున్నాడు. పెద్దవాడై, చేతికి మైనపు దారం దొరికాక కట్టేశాడు. అది చాలదనిపించి, సంచిని తన వీధిలో కూడా వేయడు. నడక పేరుతో తెల్లవారుజామున మూడు వీధులు దాటి, పెద్ద ఫ్లాట్ల పక్కనున్న కుండీలో వేసి వస్తాడు. ఈ సంగతి భార్యకు కూడా తెలియదు. అలా వీధి దృష్టిలో ఆ ఇల్లు ఏనాడూ ఏమీ పారేయలేదు.

మర్నాడు గువ్వ నిద్ర లేచి చెవి తడుముకుంది. దిండు కింద లేదు. డబ్బాలో లేదు. తల్లి సైగ చేసి అడిగితే, పిల్ల రెండు చేతులతో చుట్టి బల్ల మీద పెట్టినట్టు చూపించింది. తల్లి ఖాళీ బల్ల వంక చూసింది.

“కాగితాల్లో కలిసిపోయిందండీ! కొత్తది రావాలంటే మూడు నెలలన్నాడు డాక్టరు. మూడు నెలలు మాట వినకపోతే నేర్చుకున్నదంతా పోతుందని మొన్ననే చెప్పాడు. అన్నయ్యా, బండి వెళ్ళిపోతుంది, పద!”

చెత్త బండి వీధి సంచులన్నీ ఎక్కించుకుని మలుపు తిరగబోతోంది. అన్నాచెల్లెళ్ళు అడ్డం పడ్డారు. బండివాడు మంచివాడు. పిల్ల సంగతి వినగానే మారుమాట లేకుండా డబ్బాలు కింద బోర్లించాడు. చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క సంచీ విప్పుతోంది. “నల్లది, దారం కట్టిన సంచి” అని ఆమె మళ్ళీ మళ్ళీ అంటోంది.

బైండరు మెట్ల మీద నిలబడిపోయాడు. ఆ సంచి అక్కడ లేదని అతనికి తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. వీధి వీధంతా తలుపుల్లోంచి చూస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు అతని లోపలినుంచి అతని నోరు నొక్కి పట్టుకున్నాడు. మనిషి తన బిడ్డ కంటే తన సిగ్గును ఎక్కువగా ప్రేమించే క్షణాలు ఉంటాయి. ఆ క్షణాలు పైకి తటపటాయింపులా కనిపిస్తాయి, అంతే.

గువ్వ వచ్చి చొక్కా పట్టి లాగింది. తలెత్తి అతని పెదవుల వంక చూసింది. ఈ పూట ఆ పిల్లకు మిగిలినవి పెదవులే. అతను వంగి, గొంతు లేకుండా, ఉత్త పెదవులతో నిజం చెప్పాడు.

పిల్ల పరుగున తల్లి దగ్గరికి వెళ్ళింది. తన గొంతు తనకు వినబడక వీధి అదిరేలా అరిచింది. “అమ్మా! నాన్న ఇక్క వెయ్యలే! వేరే వీధి!”

భార్య లేచి నిలబడింది. చేతుల నిండా తడి. “ఎక్కడ వేశారు?”

“మూడో వీధిలో. ఫ్లాట్ల దగ్గర.”

“ఎప్పట్నించి?”

“ఈ ఇంటికి వచ్చినప్పట్నించి.”

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది. “పదండి. ఆ సంగతి తర్వాత అడుగుతాను.”

ఫ్లాట్ల దగ్గర కుండీ ఖాళీగా, అడుగు తడిగా ఉంది. లారీ వెళ్ళి పావుగంటయిందని కాపలావాడు చెప్పాడు. నలుగురూ దొరికిన ఆటో ఎక్కి, ఊరి చివర చెత్తను ఏరి వేరుచేసే షెడ్డుకు పరుగెత్తారు.

ఊరు పారేసినదంతా ఎక్కడికో ‘పోతుంది’ అని మనం అనుకుంటాం. ఆ ‘ఎక్కడికో’ అన్న చోట తలుపులు తీసి ఉన్నాయి. లోపల అడుగు పెట్టగానే బైండరు తలెత్తి చూశాడు. కప్పు దాకా చెత్త కొండ. లారీలు ఆ కొండకు ఎగువన ఒక ఊరి నిన్నటి రోజును కుమ్మరిస్తున్నాయి. దిగువన వీధంత పొడుగు రబ్బరు బెల్టు కదులుతోంది. దానికి రెండువైపులా నలభై మంది, ఎక్కువమంది ఆడవాళ్ళు, నీలం కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. వాళ్ళ చేతులు చూడ్డానికి అతనికి రెండు కళ్ళూ చాలలేదు. ఒకామె సీసాలు తీస్తోంది, ఒకామె మూతలే తీస్తోంది. ఒకామె ప్లాస్టిక్ సంచిని చెవి దగ్గర నలిపి, ఆ గలగలను బట్టి అది ఏ రకమో చెప్పి, చూడకుండానే వెనకనున్న తొట్టిలోకి విసురుతోంది. గురి తప్పలేదు. ఇరవై ఏళ్ళు కాగితం కోసిన అతనికి పనితనం అంటే ఏమిటో తెలుసు. ఇక్కడ నలభై మందిలో అది కనబడుతోంది.

బెల్టు మొదట్లో సంచులు కోసే మనిషి పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అందరూ ఆమెను పెద్దక్క అంటున్నారు. భార్య ఏడుపును మింగుకుంటూ సంగతంతా చెప్పింది.

“ఫ్లాట్ల లారీ సగం బెల్టెక్కేసింది తల్లీ. మీ సంచి ఎలా ఉంటుంది?”

బైండరు జేబులోంచి మైనపు దారం తీశాడు. వేళ్ళు వాటంతటవే ముడి వేసి, అడ్డంగా ఇంకో ముడి వేశాయి.

సంచులు కోసే మనిషి చేతిలో కత్తి ఆగింది. “అమ్మో! ముళ్ళాయన! పెద్దక్కా, ముళ్ళాయన వచ్చాడే!”

బెల్టు పొడుగునా తలలు తిరిగాయి. “ఏడీ, ఏడీ?” “ఇంత సన్నగా ఉన్నాడేంటే! నేను పెద్ద మీసాలుంటాయనుకున్నా!”

“నేను... మీకు తెలుసా?” అన్నాడు బైండరు.

“మూడేళ్ళుగా చూస్తున్నాం కదయ్యా” అంది సంచులు కోసే మనిషి, పక్కనున్న రేకు డబ్బా చూపిస్తూ. దాన్నిండా అతని ముళ్ళే. “మంచి దారం, పారెయ్యబుద్ధి కాక దాస్తాను. మూటలకి పనికొస్తుంది. పొడుగాటి తెల్ల పీలికలు మీవే కదా? పొడిగా ఇస్తే ఎంత మంచి కాగితమో! అన్నీ కూరలో తడిసి వస్తాయి. మీ ఇంట్లో ఎవరో చెవులు వినబడని పెద్దాయన ఉన్నాడనుకునేవాళ్ళం. వారానికొకటి సన్న బేటరీ వచ్చేది. అవి ఎక్కడబడితే అక్కడ వెయ్యకూడదని సీసాలో పోసి దాచాం.” ఆమె చూపు గువ్వ మీద పడింది. “అయ్యో నా తల్లీ! ఆ పెద్దాయనవి నువ్వా!”

బైండరు ఆ డబ్బాలోకి వంగి చూశాడు. తనను ఎవరూ చూడకూడదని ఇన్నేళ్ళు ముళ్ళు వేశాడు. ఇక్కడ నలభై మంది ఆ ముళ్ళను బట్టే అతన్ని గుర్తుపట్టారు. గుర్తుపట్టి, నవ్వకుండా, అతని బిడ్డ బేటరీలను సీసాలో భద్రం చేశారు.

డబ్బాలో అన్నిటికంటే పైనున్న ముడి ఇంకా తడిగా ఉంది. ఇవాళ్టిదే. సంచి కోయడం, సరుకు బెల్టు మీద పరుచుకోవడం అయిపోయాయి.

“ఆ యంత్రానికేమైనా గుర్తుందా తల్లీ?” అంది పెద్దక్క.

“దేన్లోనైనా చుట్టి మూసేస్తే సన్నగా ఈల వేస్తుందండీ. కానీ ఈ హోరులో...”

పెద్దక్క ఒకసారి గిర్రున తిరిగే పంకాల వంక, లారీల వంక చూసింది. తర్వాత తల మీద వేలాడే ఎర్రతాడు పట్టి లాగింది.

బెల్టు ఆగింది. పంకాలు ఆగాయి. ఎవరో లారీలవాళ్ళకు చెయ్యి ఊపారు, ఇంజన్లు ఆగాయి. ఏళ్ళ తరబడి ఆ కప్పు కింద నిలవని నిశ్శబ్దం మెల్లగా వచ్చి నిలబడింది. నలభై మంది చేతులు గాల్లో ఉన్నవి ఉన్నట్టే ఆపి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఒక ఊరు మొత్తం పారేసినదాని మీదికి వంగి, ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల చెవి కోసం వింటున్నారు. బైండరు ఎన్నో ప్రార్థనలు చూశాడు. ఇంతమంది ఇంత నిజంగా తలవంచిన చోటు అతనికి గుర్తు రాలేదు.

ఏమీ వినబడలేదు.

గువ్వకు నిశ్శబ్దమూ హోరూ ఒకటే. ఆ పిల్ల మొహాలు చూస్తోంది. మొహాలు చదవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ బెల్టు పొడుగునా వెళ్ళి, చిట్టచివర నిలబడి ఉన్న మనిషి దగ్గర ఆగింది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. కనుబొమలు కొంచెం దగ్గరికి వచ్చాయి. గువ్వ చెయ్యెత్తి ఆమెను చూపించింది.

“ఉష్... ఎవరూ కదలకండి” అంది ఆ మనిషి, కళ్ళు తెరవకుండానే. మెల్లగా వంగింది. తడిసిన దినపత్రిక మడతలోంచి చిన్న కాగితపు ఉండ తీసి విప్పింది. అప్పుడు అందరికీ వినబడింది. దోమ రొదకంటే సన్నటి ఈల.

తల్లి దాన్ని కొంగుతో మూడుసార్లు తుడిచి పిల్ల చెవికి తగిలించింది. అందరూ పిల్లనే చూస్తున్నారు. గువ్వ తల అటూ ఇటూ తిప్పింది. మొహం చిట్లించింది.

“అమ్మా, ఇది పన్చెయ్యట్లేదు!”

షెడ్డులో చీమ చిటుక్కుమనడం లేదు, పిల్లకు ఏం వినబడుతుంది! నలభై మందీ ఒక్కసారిగా గొల్లున నవ్వారు. గువ్వ ఉలిక్కిపడి, కళ్ళు ఇంతేసి చేసుకుని, చెవి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత తానూ నవ్వింది.

యంత్రాన్ని వెతికి ఇచ్చిన మనిషికి దణ్ణం పెట్టబోయి, బైండరు ఆమె కుడిచేతి వైపు చూశాడు. రెండు వేళ్ళు మడత పడకుండా నిటారుగా ఉన్నాయి.

“ఏమైందమ్మా?”

“బ్లేడండి. పోయినేడాది. అప్పుడు సంచులు కోసేది నేనే. వేళ్ళు మడవట్లేదని ఈ చివరికి మార్చారు. పోనీలెండి, చెవులు బాగానే ఉన్నాయిగా!”

ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు. సంచులు కోసే మనిషి మాత్రం రేకు డబ్బా వైపు చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది.

“ఆ సంచికి... ముడి ఉందా?”

“ముడి లేకపోతే కొయ్యడం ఎందుకండీ? విప్పుతాం కదా.”

పొద్దున మెట్ల మీద గొంతులో ఇరుక్కున్న మాట ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి అతను పెదవులతో సరిపెట్టుకోలేదు.

“ఆ బ్లేడు నాది” అన్నాడు, నలభై మందీ వినేలా. “మా ఇంట్లోది ఎవరూ చూడకూడదని కట్టాను. మీ చెయ్యి ఒకటి లోపలికి వస్తుందని తోచలేదు.”

ఆ మనిషి తన వేళ్ళ వంక ఒకసారి చూసుకుంది. “అన్నారుగా” అంది చివరికి. “ఇన్నేళ్ళల్లో నాది అని వచ్చినవాడు మీరొక్కరే.”

పెద్దక్క అతన్ని పక్కకు తీసుకెళ్ళి, కప్పును తాకేలా పేర్చిన కాగితపు మోపులు చూపించింది. “ఇవి ఎక్కడికి పోతాయో తెలుసా? అట్ట మిల్లుకి.”

అట్ట! అతని పుస్తకాలన్నిటికీ వెన్నుదన్ను అదే. రోజూ అరచేత్తో నిమిరి, జిగురు రాసి, గుడ్డ చుట్టే ఆ బూడిదరంగు అట్ట ఈ చేతుల్లోంచి వెళ్ళి తన బల్ల మీదికి వస్తోంది. తను మూడు వీధుల అవతల పారేసి వచ్చినది, ఇన్నేళ్ళుగా తన ఇంటికే తిరిగి వస్తోంది. అతను మోపు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

“నాయనా, ఇంటి గుట్టు దాచుకోవడం తప్పు కాదు” అంది పెద్దక్క. “మీ ఉత్తరాలు చదివే తీరిక మాకు లేదు. తడిది ఒకచోట, పొడిది ఒకచోట, కోసుకునేది విడిగా చుట్టి, పైన ఒక మాట రాయి. అంతే మేం అడిగేది.”

తిరిగి వస్తుంటే ఓడ బావ వెనక్కి తిరిగి షెడ్డు వంక చూశాడు.

“ఎన్ని రేవులు తిరిగానో బావా” అన్నాడు. “వీధులు చూసి కథలు చెప్పాను గాని, ఈ వెనక గది ఎక్కడా చూడలేదు. ఆ పాటల లారీ, ఆ అద్దాల సంచి... ఇప్పుడు తోస్తోంది. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిదే. కుదిరిన చోటల్లా మాత్రం ఇచ్చే మొహమూ తీసుకునే మొహమూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి.”

భార్య ‘తర్వాత అడుగుతాను’ అన్న సంగతి ఆ సాయంత్రం అడిగింది. అతను తొమ్మిదేళ్ళ పిల్లవాడి ఉదయాన్ని మొదటిసారి నోటితో చెప్పాడు. ఆమె అంతా విని, “ఆ ఉత్తరం ముక్కలు ఏరింది మీ ఎదురింటావిడ కాక ఈ పెద్దక్కయితే ఎంత బాగుండేది” అంది.

మరుసటి ఉదయం చెత్త బండి వాళ్ళ వీధిలోకి వచ్చేసరికి, బైండరు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. వీధిలో తలుపులు తెరిచే ఉన్నాయి. ఒక చేతిలో తడి చెత్త డబ్బా. ఇంకో చేతిలో ఎండు కాగితపు పీలికల కట్ట. దానికి లాగితే విడిపోయే జారుముడి. గువ్వ చేతిలో బ్లేడు ముక్కలు వేసి మూత బిగించిన రేకు డబ్బా. దాని మీద అతను పుస్తకాల వెన్ను మీద రాసే అక్షరాలతో పెద్దగా రాశాడు: ‘కోసుకుంటుంది, జాగ్రత్త’.

“ఏంటండోయ్, ఇవాళ మా బండి మీద దయ కలిగింది!” అన్నాడు బండివాడు.

“అందుకో” అన్నాడు బైండరు. తొమ్మిదేళ్ళ వయసు తర్వాత అతను వీధిలో తలెత్తి నిలబడడం అదే మొదలు.

అయ్యా, అమ్మా, రేపు పొద్దున మీ ఇంటి సంచికి ముడి వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. మన చెయ్యి వదిలిన ప్రతి వస్తువునూ ఈ లోకంలో మరో చెయ్యి పట్టుకుంటోంది. ఆ చెయ్యి కోసం కాస్త చూసి ఇవ్వండి.